చెప్పుల తాబేలు

కాల్చిన మేకు చెప్పులోకి దిగుతుంటే వచ్చే రబ్బరు కంపుకి అమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఆపలేదు. తాబేలు వీపు మీద ఇంకో వరస మిగిలే ఉంది మరి. మేకుతో బొక్క పెట్టడం, వలదారం దూర్చడం, పక్క చెప్పుకి బిగించి ముడేయడం. అన్నీ సముద్రం ఒడ్డుకి నెట్టిన చెప్పులే, ఒక్కదానికీ జత లేదు. నీలివి, ఎర్రవి, ఉప్పుకి తెల్లబడి ఏ రంగో తెలియనివి. కడుపు నిండా నాన్న పారేసిన చిరుగు వలలు, తలకి వల తేలడానికి కట్టే బెండ్లు. మొత్తానికి మా పెరట్లో బండి చక్రమంత తాబేలు తయారైంది.

అప్పుడే పెద్దకాపు వచ్చాడు. మా పల్లెలో తగువులు తీర్చేది, పడవలు ఎప్పుడు దించాలో చెప్పేది ఆయనే. నాకు మామ వరస. చేపల వేట నిషేధం అయిపోయింది, తెల్లారితే పడవలు దిగుతాయని ఇంటింటికీ చెప్పుకుంటూ వస్తున్నాడు.

"ఏందిమ్మే ఇది?"

"తాబేలు మామా. కనపళ్ళా?"

"కనపడబట్టే అడగతా ఉండా. వలలో పడితే పసుపు కుంకం పెట్టి వదిలే దేవుడమ్మే అది. చెప్పులతో చేస్తావా?"

నిజమే. బతికున్న తాబేలు వలలో పడితే మావాళ్ళు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని నీళ్ళలోకి వదులుతారు. కుడుతున్నన్నాళ్ళూ ఆ సంగతి నా బుర్రకి తట్టనేలేదు. నాకు కనిపించింది రంగులే. తట్టుంటే మానేసేదాన్నా అంటే, అదీ లేదు.

"పొద్దునకల్లా విప్పెయ్. లేకుంటే నేనే తగలబెట్టిస్తా. రేపు చేప పడకపోతే ఊరంతా నిన్నే అంటది."

"పడకపోతే నా వల్లా? మరి పడితే నాకేమన్నా వాటా ఇస్తారా మామా?"

అమ్మ నా భుజం గిల్లింది. "నోరు ముయ్యవే. అన్నా, పిల్ల తెలవక చేసింది. చెప్పులు పీకేస్తదిలే, మిగతాది ఉండనీ."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. "సరే, చెప్పులు తీసేస్తే చాల్లే."

ఊ అంటే అయిపోయేది. కానీ చెప్పులు పీకితే మిగిలేది చిక్కుపడ్డ వల ముద్ద. ఎండలో వంగి ఏరుకొచ్చి, కడిగి, వేళ్ళు కాల్చుకుని కుట్టింది దానికోసమా? పదో తరగతితో బడి మానేశాక, నా అంతట నేను మొదలెట్టి చివరిదాకా తెచ్చిన పని ఇదొక్కటే.

"తియ్యను మామా," అన్నాను. "మొన్న చలికాలంలో చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళని కుక్కలు పీక్కుతింటా ఉంటే ఒక్కరన్నా పసుపు పెట్టినారా? వాటి మెడకి చుట్టుకున్నవి మన వల ముక్కలే గదా. అప్పుడు దేవుడు గుర్తుకు రాలేదే."

ఆయన వెనక్కి తిరిగాడు. "నీకు నోరు బాగా పెరిగిందమ్మే. పొద్దున చూస్తా," అంటూ వెళ్ళిపోయాడు.

"పెద్దకాపుకి ఎదురుచెప్పి ఈ ఊళ్ళో ఎట్టా బతకతామే?" అంది అమ్మ.

"ఇట్టానే," అన్నాను.

మర్నాడు పొద్దున పడవలకి కొబ్బరికాయలు కొడుతున్న వేళ, చెప్పులు అంత అవమానమైతే అది నా నెత్తినే ఉండనీ అని, తాబేలుని వెల్లకిలా తిప్పి, చెప్పులన్నీ నా తలకి ఆనేలా నెత్తికెత్తుకున్నాను. వీధి నడిమధ్యన నడిచాను. పెద్దకాపు ఎదురుగా నిలబడి చూస్తుంటే ఆయన పక్కనుంచే పోయి, పడవలు దిగే చోట, వేటకెళ్ళే అందరికీ కనపడేలా ఇసుకలో దాన్ని దించి, కాపలాగా పక్కనే కూర్చున్నాను.