తాళం వేసిన ఇంట్లో విత్తనకాయలు

శంకరవ్వకు పిచ్చి పట్టిందని ఊరంతా అన్నప్పుడు నేనూ తలూపాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

నా పేరు రామచంద్రం, మాది చొప్పదండి. నేతపని వాళ్లింట్లో పుట్టి, మగ్గం ముందు కూర్చునే ఓపిక లేక, దసలి పట్టుకాయలు, అంటే అడవి పట్టుపురుగు అల్లుకునే గూళ్లు, కొని నేతగాళ్లకు అమ్మే పని పట్టాను. ముప్పై ఏళ్లుగా ఏటా చెన్నూరు అడవి పక్క ఊళ్లకు తిరుగుతున్నాను. అక్కడ నల్లమద్ది చెట్ల మీద పట్టుపురుగుల్ని పెంచేవాళ్లలో శంకరవ్వంత మొండిమనిషి ఇంకొకరు లేరు. కాకుల్ని తోలుతూ చెట్టు కిందే తిని, చెట్టు కిందే పడుకునేది. నేను కనబడితే చాలు, "వచ్చిండమ్మా పట్టు సేటు! పట్టు కొనేటోనివి, నీ అంగి జూడు ఎట్ల చినిగిందో" అని ఆటపట్టించేది.

అందరూ పట్టు ఆఫీసులో ఇచ్చే పురుగు గుడ్లు తెచ్చుకుంటే, ఆమె మాత్రం తన తల్లి నుంచి వచ్చిన విత్తనాన్నే నిలుపుకొనేది. చలికాలం పంటలోంచి మంచి కాయలు ఏరి, దండలు గుచ్చి, ఇంట్లో దూలానికి వేలాడదీసేది. చిన్న కోడిగుడ్డంత కాయ. లోపలి పురుగుకు తిండి లేదు, నీళ్లు లేవు, కదలిక లేదు. అయినా చావదు. తొలకరి తడి సోకితే రెక్కలతో బయటికొస్తుంది. అప్పుడూ తినదు, తినడానికి దానికి నోరే ఉండదు. జత కట్టి, గుడ్లు పెట్టి, వారం పది రోజుల్లో రాలిపోతుంది. నాకు ఆ గదిలో అడుగు పెట్టాలంటే ఒళ్లు జలదరించేది. మూడొందల ప్రాణాలు తల మీద ఊపిరి బిగబట్టి వేలాడుతుంటే ఎవరికి బాగుంటుంది చెప్పండి! ఆ విత్తనం ఇంకెవరింట్లోనూ లేదు. ఒక్క ఏడు తప్పిందంటే ఇక లేనట్టే.

ఈ ఏడు శివరాత్రి దాటాక ఆమె భర్త పోశం గుండెనొప్పితో పోయాడు. నక్షత్రం మంచిది కాదన్నారు. అట్లా పోతే ఆ ఇంటిని ఆరు నెలలు విడిచిపెట్టాలి. శవం లేచిన వెంటనే తలుపుకు తాళం వేసి, రేగుకంప అడ్డం పెట్టారు. దండలు లోపలే ఉండిపోయాయి. మైల పడ్డ చెయ్యి విత్తనాన్ని తాకకూడదు. ఆ ఇంటికి శాంతి జరిగేదాకా శంకరవ్వా, ఆమె పాలివాళ్లూ అందరూ మైలలో ఉన్నట్టే. మైల లేనివాళ్లు చావు జరిగిన ఇంట్లోకి రారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల ఏముందో అందరికీ తెలుసు, ఒక్కరూ తేలేదు.

ఎండాకాలం చివర నేను వెళ్లేసరికి ఆమె తన బావ ముత్తయ్య ఇంటి పశువుల కొట్టంలో ఉంటోంది. ఎప్పుడూ సేటూ అని వెక్కిరించే మనిషి ఆ రోజు అన్నా అని పిలిచింది.

"అన్నా, నువ్వు మా పాలోనివి గాదు. నీకు మైల లేదు. బావ కాళ్లు వట్టుకొనన్న తాళంచెయ్యి ఇప్పిస్త. జర లోపటికి వోయి దండలు తెచ్చియ్యి. వాన వడ్డదంటే అన్ని చీకట్ల పుట్టి చీకట్లనే సస్తయి. మా అవ్వ విత్తనం ఆగమైతది."

"అమ్మో, నాతోని గాదు శంకరవ్వా. నాకు పిల్లలున్నరు" అన్నాను. ఏటా ఆ ఇంట్లో గటక తాగిన నోటితోనే, సిగ్గు లేకుండా అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ కంప పక్కకు జరిపి, తలుపు సందుకు నోరు ఆనించి ఏదో మాట్లాడడం మొదలుపెట్టిందట. ఊళ్లోవాళ్లు ఆ గల్లీలోకి పిల్లల్ని పంపడం మానేశారు. మొదటి వాన పడ్డాక నేను మళ్లీ పోతే ముత్తయ్య గొంతు తగ్గించి చెప్పాడు.

"సచ్చిపోయిన మా తమ్మునితోని మాట్లాడుతుంది. లోపటికెల్లి గూడ చప్పుడొస్తుంది సేటూ. నమ్మకపోతే నువ్వే ఇను."

నాకెందుకా తద్దినం? అయినా పోయాను. ఆమె వెనక నిలబడితే మాటలు తెలిశాయి. "ఇప్పుడే రాకుండ్రి బిడ్డా. వాన చప్పుడినవడ్డా రాకుండ్రి. నేనొచ్చేదాక పండుకోండ్రి."

అప్పుడు తలుపు లోపల, సరిగ్గా గడప దగ్గర, ఎండుటాకు రాసుకున్నట్టు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. ఎవరో తలుపును మెల్లగా తడుముతున్నారు. నేను చెప్పులు అక్కడే వదిలేసి ముత్తయ్య ఇంటి దాకా పరుగెత్తాను. ఆమెకు పిచ్చి పట్టిందని అక్కడివాళ్లంటే నేనూ తలూపాను.

ఆరు నెలలు నిండాక, వినాయకచవితి ముందు, శాంతి చేయించి తాళం తీశారు. నేను అందరి వెనకా నిలబడ్డాను. తలుపు తెరుచుకోగానే ముత్తయ్య వెనక్కి తూలి నా కాలు తొక్కాడు. గడప లోపల నలభై దాకా రెక్కల పురుగులు చచ్చి కుప్పగా పడి ఉన్నాయి. ఆ రెక్కల మీద కళ్లలాంటి మచ్చలుంటాయి. అవన్నీ మా వైపే ఉన్నాయి. శంకరవ్వ వాటిని కొంగులోకి ఎత్తుకొని లోపలికి నడిచింది. మిగిలిన కాయలు మూతి విప్పకుండా దూలానికే వేలాడుతున్నాయి.

"ఇవి గూడ సచ్చినట్టే. మైల సోకింది" అన్నాడు ముత్తయ్య.

"ఉడకవెడితే దారమన్న వస్తది" అన్నాను. వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

శంకరవ్వ ఒక కాయ తెంపి నా చెవి దగ్గర ఊపింది. పురుగు చచ్చి ఎండితే లోపల గలగలమంటుంది. ఇది బరువుగా దొర్లింది. ఇంకోటి ఊపింది. అదీ బరువుగానే ఉంది. తొలకరి దాటి మూడు నెలలైంది, అవి ఇంకా నిద్ర లేవనే లేదు. పట్టు ఆఫీసరును అడిగితే, వెలుతురూ తడీ అందకపోతే కొన్ని నిద్ర పొడిగించుకుంటాయని, తలుపు సందు దగ్గరున్నవి మాత్రం లేచి ఉంటాయని చెప్పాడు. ఇన్నిన్ని కలిసి ఆగడం తానెన్నడూ చూడలేదనీ అన్నాడు.

శంకరవ్వ దండల్ని వసారాలో కట్టింది. ఇరవయ్యో రోజు, నేను మళ్లీ వెళ్లినప్పుడు, దీపాలు పెట్టే వేళ మొదటి కాయ మూతి తడిసింది. అందులోంచి కాళ్లు వచ్చాయి, నలిగిన రెక్కలు వచ్చాయి. తర్వాత పక్కది, దాని పక్కది. చూస్తుండగానే వసారా అంతా రెక్కలు. ఇసుమంత చప్పుడు లేదు. నేను ఈసారి పారిపోలేదు.

"నన్ను మన్నించు శంకరవ్వా. నీ మాట ఇన్నయి, నీ విత్తనం దక్కింది" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు.

"గివి ఆగినయన్నా. ఆయనకు గూడ గట్లనే చెప్పిన. ఆటో తోలుకొస్త, నేనొచ్చేదాక ఆగుమన్న. ఆగలే."

పోశం పోయిన రోజు కూడా ఆమె కంట నీళ్లు రాలేదని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ సాయంత్రం వసారాలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.