మా డాబా మీద ఎండ

మా ఆవిడ పోయింది. పోయిన నెలలో, తెల్లవారుతుండగా, నిద్రలోనే. కొన్నేళ్ళుగా డయాలసిస్‌కు తిరుగుతుండేది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఆ మాట వివరించనక్కర్లేదు. ఇది చదివేవారిలో ఆమె పెట్టిన వడియాలు తిన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళకు కబురు చేరాలని రాస్తున్నాను.

ఆమెది బారువ దగ్గర పల్లె. కొబ్బరి తోటలో పెరిగింది. ఎండ నేల మీద చుక్కలుగా పడడమే తెలుసు. పెళ్ళయిన కొత్తలో పలాస శివార్లలో ఇల్లు కట్టుకున్నాం. జీడితోట కొట్టేసి ప్లాట్లు వేసిన చోటు అది. హద్దురాళ్ళ మధ్య జీడి మొదళ్ళు ఇంకా చిగురిస్తుండేవి. చుట్టూ మూడో నాలుగో ఇళ్ళు, మిగతాదంతా వెలుగు. ఆమె గుమ్మంలో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అంది: “ఇంత ఎండేటి బావా? ఏటి సేసుకుంతాం?”

నేను ఆమె మేనమామ కొడుకుని. చివరిదాకా బావా అనే పిలిచింది.

ఎండను ఏం చేసుకోవాలో తనే కనిపెట్టింది. పాత వాయిలు చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది. మిరపకాయలు, పప్పులు, వానకు తడిసిన పక్కింటి పిల్లల పుస్తకాలు, అన్నీ ఆ చీర మీదికే వచ్చేవి. దిండ్లు కూడా ఎండబెట్టేది. రాత్రి తల ఆనిస్తే మధ్యాహ్నంలోకి తల పెట్టినట్టుండేది.

తర్వాత ఊరు మా దగ్గరికి నడిచి వచ్చింది. పిల్లల చదువులకని, ఉద్యోగాలకని, ఆస్పత్రి దగ్గరుండాలని పల్లెలు ఖాళీ చేసి వచ్చారు జనం. ఒక ఆదివారం నిద్ర లేచేసరికి ఉత్తరం వైపు ఆకాశం లేదు. కొన్నాళ్ళకు దక్షిణం వైపూ పోయింది. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ. వాళ్ళ పోపు మా వంటింట్లో ఘుమఘుమలాడేది. “ఈ పూట ఆళ్ళది వంకాయ బావా, మనకి కూర అక్కర్నేదు, వాసనతో తినీ” అనేది.

ఎండ మాత్రం మా డాబా మీదినుంచి జారి వెనక పెరట్లోకి కాసేపు దిగేది. ఆమె దాని వెంటే పీట జరుపుకుంటూ కూర్చునేది, ఇంటికొచ్చిన చుట్టంతో కబుర్లాడుతున్నట్టు.

మా పెరటి గోడ అవతల రేకుల ఇల్లు. భావనపాడు నుంచి వచ్చిన ఆలుమగలు ఉంటారు. ఆయన ఒకప్పుడు పడవ మీద వేటకు వెళ్ళిన మనిషి. ఇప్పుడు ఆయనా డయాలసిస్‌కే. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒళ్ళంతా వణుకు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆ ఎండలోనే కూర్చుంటాడు. పక్కనే ఆయన భార్య, మాకు కూతురి వయసు పిల్ల, చేపలు ఎండబెడుతుంది.

“పిన్నీ, మీ వడియాలకి మా సేపల వాసన పట్టెత్తాదేమో” అనేది ఆ పిల్ల గోడ మీదుగా.

“పట్టనీ. మీ బాబాయికి రెండు కూరలు తిన్నట్టుంతాది” అనేది మా ఆవిడ.

అందరిలాగే మేమూ డాబా మీద పిల్లర్ల ఊచలు పైకి వదిలి ఉంచాం. వీధిలో అందరి ఊచలూ అంతస్తులయ్యాయి. మాకూ పైన ఒక వాటా వేస్తే, ఎవరైనా అద్దెకుంటే ఇల్లు సందడిగా ఉంటుందని నా కోరిక. ఆమె ఆ ఊచలకు తాడు కట్టి బట్టలు ఆరేసేది. మేస్త్రీ వచ్చినప్పుడల్లా, “తాడు ఖాళీ నేదు మేస్త్రీ. బట్టలు ఆరేక రా” అని పంపేసేది. ఆ తాడు మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఆరుతూనే ఉండేది.

ఒకసారి గట్టిగా అడిగాను. పీట మీదినుంచే చెప్పింది.

“మనవూ లేపేత్తే ఆళ్ళ పెరట్లోకి ఎండ ఎలగ దిగుతాది బావా? ఆ మనిషి ఎక్కడ కూకుంతాడు?”

“అందరూ లేపారు కదా” అన్నాను.

“అందరూ లేపేరు గనకే” అంది.

కర్మలు అయ్యాక మేస్త్రీ వచ్చాడు. చెడ్డవాడు కాడు. “ఇప్పుడు తాడు ఖాళీయే గదా బాబూ. మొదలెట్టీమంటారా?” అన్నాడు. నాకూ అనిపించింది. పైన అడుగుల చప్పుడు వినిపిస్తే ఈ ఇంట్లో నిద్ర పట్టవచ్చు. ఇద్దరం డాబా ఎక్కాం. అతను టేపు లాగుతుంటే నేను వెనక పెరటి వైపు చూశాను.

కింద ఆ కుర్చీ, అందులో ఆయన. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎండ మా డాబా అంచు దాటి ఆయన ఒళ్ళో పడుతోంది. అది కొంచెం జరిగితే, కళ్ళు తెరవకుండానే ఆయనా కుర్చీతో పాటు జరిగాడు. గోడకు ఇవతల మా ఆవిడ పీట అక్కడే ఉంది.

ఆ పిల్ల తలెత్తి టేపు చూసింది. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

“కట్టెత్తన్నారేటి బాబాయ్?”

“లేదమ్మా” అన్నాను.

మేస్త్రీ టేపు చుట్టాడు. “మరి ఈ ఊచలు బాబూ? ఊరకే తుప్పట్టిపోతన్నాయి.”

“కోసెయ్. తాడు కట్టినవి రెండూ ఉంచు.”

ఇప్పుడు ఆ తాడు మీద పాత వాయిలు చీర ఆరేస్తున్నాను. తడపకపోయినా ఆరేస్తాను. పొద్దెక్కాక దాని పలచని నీడ వెనక పెరట్లోకి దిగుతుంది. గాలి వేస్తే ఆ నీడ గోడ అవతలి చేపల మీదినుంచి లేచి ఆయన మోకాళ్ళ దాకా వెళ్ళి, మళ్ళీ గోడ దాటి ఖాళీ పీట మీదికి వస్తుంది.