బాపు ఎముకలో దొరకని పుల్ల

నల్లగొండలోని ఆ ఎక్స్‌రే గదిలో ఉన్నవి: ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడకు తగిలించిన సీసపు కోట్లు రెండు, మూసిన తలుపు. ఉన్నవాళ్లు: బాపు, అంటే మా నాన్న; నేను; ఎక్స్‌రే తీసే అమ్మాయి. నా చొక్కా జేబులో ఐదు పుల్లలు, ఒక్కొక్కటి అగ్గిపుల్లలో సగం పొడవు.

రెండేళ్లుగా కాలేజీ ల్యాబులో నేను చేస్తున్నది వాటినే. విరిగిన ఎముకను పట్టి ఉంచి, అది అతుక్కున్నాక ఒంట్లోనే కరిగిపోతాయి. తీయడానికి మళ్లీ కోత అక్కర్లేదు. చిక్కల్లా ఆ పదార్థం ఎక్స్‌రేలో కనబడకపోవడమే. కనబడకపోతే పుల్ల జరిగిందో, కరిగిందో డాక్టరుకు తెలియదు. అందుకని ఎక్స్‌రేలో తెల్లగా పడే బేరియం పొడి కలుపుతాను: ఐదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు శాతం. పొడి ఎక్కువైతే పుల్ల పెళుసవుతుంది. వంచి చూస్తే పదిహేను దాకా నిలిచాయి, ఆ పైవి విరిగాయి. మటన్ దుకాణంలో కొన్న మేక ఎముకల్లో పది శాతం పుల్ల కూడా స్పష్టంగా కనబడింది. అదే ఖాయం చేద్దామన్నారు మా గైడు.

బాపు జారిపడ్డాడు. కుడి తుంటి నొప్పి అంటే ఎక్స్‌రే రాశారు. ఎటూ తీసేదే, రెండు తుంట్లూ ఒకే బొమ్మలో పడతాయి కదా, నొప్పి లేని ఎడమ వైపు నా పుల్లలు టేపుతో అంటిస్తానని అడిగాను. డాక్టరు సరేనన్నాడు.

“ఏందన్నా, పండ్లల్ల గుచ్చుకునే పుల్లలా?” అంది ఆ అమ్మాయి. తర్వాత బాపుతో, “కదలకు తాతా.”

“కదలనీకి ఏమున్నది బిడ్డా? మెడ ఎన్నడో బిగుసుకున్నది. నడుము గూడ దాని ఎంబడే వోయింది.”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కృష్ణా నీళ్లు రాకముందు మా ఊళ్లో తాగింది బోరు నీళ్లే, ఆ నీళ్లలో ఫ్లోరైడు. పక్కకు చూడాలంటే బాపు మనిషంతా తిరగాలి.

బొమ్మ వచ్చింది. ఏమీ విరగలేదు. కానీ తుంటి ఎముక సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఫ్లోరైడు ఎముకను అలా చేస్తుందని చదువుకున్నవాడినే. మేక ఎముకలు కొనేటప్పుడు గుర్తుకు రాలేదు. పది శాతం పుల్ల కోసం వెతికాను. అంటించిన చోటు తెలిసీ దొరకలేదు. పదిహేనూ లేదు. ఇరవై, ఇరవై ఐదే తెల్లటి గీతల్లా కనబడ్డాయి.

“తెర గిటు తిప్పు బిడ్డా, నేను తిరగలేను,” అన్నాడు బాపు. ఆమె తిప్పింది. “ఏదిరా నీ పుల్ల?”

ఇరవై ఐదు శాతం గీత చూపించాను.

“మంచిగనే కనవడుతాంది గదా. గదే వెట్టమను.”

“గది విరుగుతది బాపు.”

“మరి విరగనిది?”

“కనవడది.”

పొడి పెంచితే విరుగుతుంది, తగ్గిస్తే మాయమవుతుంది. మధ్యలో కాలు పెట్టే జాగా లేదు.

“అయితే మాసొంటోళ్లకు గాదన్నట్టు,” అన్నాడు బాపు. “ఇగ నన్ను లేపు.”

వీపు కింద చెయ్యి వేసి, ఎక్కడా వంగని ఆ మనిషిని నిలువునా లేపాను. బయటికొచ్చి గైడుకు ఫోన్‌లో లెక్క పంపాను. కనబడినవి రెండు. విరగనివి మూడు. కనబడి, విరగనివి సున్నా.