పిలవని ఫార్మ్ కాల్

అది 2009 నవంబరు. న్యూయార్క్ అనగానే మనవాళ్ళకి ఆకాశాన్నంటే మేడలు గుర్తొస్తాయి. నేను పశువుల డాక్టరుగా పనిచేసింది ఆ రాష్ట్రంలోనే, కానీ ఆ మేడలకి కారులో అయిదు గంటల దూరంలో, కొండల మధ్య ఉన్న ఒక లోయలో. ఇంటికీ ఇంటికీ మధ్య మొక్కజొన్న చేలు. రోడ్డు మీంచి గుమ్మం దాకా పొడుగాటి డ్రైవ్‌వే. ఎదురుగా ట్రక్కు వస్తే స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకి లేస్తుంది. అక్కడి పలకరింపు అదే. కొత్తలో ఆ వేలు చూసి ఎవరో నన్ను తిట్టారనుకుని ఇంటికొచ్చి ఉడికిపోయాను. అది చూపుడువేలేనని మావారు అడిగి అడిగి తేల్చాక గానీ శాంతించలేదు.

చుట్టాలు ఎవరొచ్చినా "ఎంత ప్రశాంతంగా ఉందమ్మా ఇక్కడ" అనేవారు. రెండు రోజులుండి వెళ్ళేవాళ్ళకి అలాగే ఉంటుంది. ఆ ప్రశాంతతకి ఒక కట్టుబాటుంది. పిలవనిదే ఎవరి డ్రైవ్‌వేలోకీ కారు తిప్పకూడదు. మా వృత్తిలోనూ అంతే. రైతు ఫోన్ చేస్తే వాళ్ళ కొట్టానికి వెళ్ళి పశువుని చూడడాన్ని ఫార్మ్ కాల్ అంటారు. కాల్ రానిదే వెళ్ళం. పిలవని పేరంటానికి వెళ్తే మన దగ్గర నవ్వుతారు. అక్కడ నవ్వరు కూడా, మర్యాదగా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించేస్తారు.

వాల్ట్ ఆ లోయలో పాడిరైతు. అరవై దాటిన మనిషి. నలభై ఆవులు, పెన్నీ అనే ముసలి కుక్క, అంతే ఆయన సంసారం. భార్య ఆ ఏడు వసంతంలోనే పోయింది. నెలకోసారి హెర్డ్ చెక్‌కి వెళ్ళేదాన్ని. అంటే ఏ ఆవు చూలు కట్టిందో, ఏది కట్టలేదో పరీక్షించి చెప్పడం. ఆ ఏడు పాల ధర పడిపోయి చుట్టుపక్కల పాడిరైతులందరి నడుమూ విరిగింది. వేసవి చివర్లో వాల్ట్ "ఈ నెలకి రావద్దులే డాక్" అన్నారు. ఆ తర్వాత ఫోనే లేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఆయనే మా క్లినిక్‌కి వచ్చారు, పెన్నీని వెంటబెట్టుకుని. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని ఉన్నారు. మామూలు పనిరోజున ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"దీన్ని నిద్రపుచ్చాలి, డాక్." ఇంజెక్షన్ ఇచ్చి చంపమని దానర్థం.

పెన్నీని బల్లమీద పెట్టి చూశాను. గుండె బాగుంది. వెనక కాళ్ళలో కీళ్ళనొప్పులు తప్ప వేరే జబ్బేమీ లేదు. నా చేతిని నాకుతోంది కూడా.

"దీనికేమీ కాలేదు వాల్ట్. ఇంకో రెండేళ్ళు బతుకుతుంది."

"ముసల్ది. ఎవరికి కావాలి."

హాయిగా బతకగలిగిన జంతువుని యజమాని వీలు కోసం చంపడాన్ని కన్వీనియన్స్ యూథనేసియా అంటాం. చట్టం ఒప్పుకుంటుంది, నాకు మాత్రం చెయ్యాడదు. "నేను చెయ్యను" అని చెప్పేశాను. కాస్త కోపంగానే చెప్పాను. ఆయన వాదించలేదు. తాడు తీసి నా చేతికిచ్చి, "పోనీ నువ్వుంచుకో. చికెన్ ఉడకబెట్టి పెడితే తింటుంది" అన్నారు.

ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదు. నా మనసులో మాత్రం ఆయన ఎప్పుడూ మీరే.

"మీరు బాగానే ఉన్నారా?"

"కాంట్ కంప్లెయిన్."

ఫిర్యాదేమీ లేదు అని దాని అర్థం. ఆ లోయలో ఆ మాట అన్నాక ఇంకేమీ అడగకూడదని కూడా అర్థం. వెళ్ళబోతూ ఆయన చెయ్యి చాపారు. పరిచయమైన ఇన్నేళ్ళలో చేతులు మురికి అని ఒక్కసారి కూడా చెయ్యి కలపని మనిషి. ఆ చెయ్యి శుభ్రంగా, చల్లగా ఉంది.

ఆయన ట్రక్కు కదలగానే, వాళ్ళ రోడ్డుకి అవతల ఉండే రూత్‌కి ఫోన్ చేశాను. నలభై ఏళ్ళుగా పొరుగింటావిడ.

"వాల్ట్ తన మానాన తను ఉండే మనిషమ్మా" అంది రూత్. "ఏదైనా కావాలంటే తనే అడుగుతాడు."

"ఆయన్ని చూసి ఎన్నాళ్ళైంది?"

"రోజూ చూస్తాను. వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంటుందిగా."

లైటుని చూస్తోంది, మనిషిని కాదు. ఆ మాట ఆవిడతో అనలేదు, పళ్ళు కొరుక్కుని ఫోన్ పెట్టేశాను. షెరీఫ్ ఆఫీసుకి చేస్తే, డ్యూటీలో ఉన్న పోలీసు, డెప్యుటీ అంటారు, కౌంటీకి అటు చివర ఉన్నాడు, వీలు కాగానే వెల్ఫేర్ చెక్‌కి పంపిస్తామన్నారు. వెల్ఫేర్ చెక్ అంటే మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో తలుపు తట్టి చూడడం. మావారు దూరంగా పార్సిప్పనీ అనే ఊళ్ళో కాంట్రాక్ట్ ఉద్యోగం మీద ఉండేవారు, శని ఆదివారాలే ఇంటికొచ్చేవారు. ఆయనకీ చేశాను.

"పోలీస్‌కి చెప్పావుగా, ఇంక వదిలెయ్. నువ్వు వెళ్ళి ఏం చేస్తావ్? వాళ్ళకి ప్రైవసీ అంటే ప్రాణం. రేపు కంప్లెయింట్ ఇస్తే నీ లైసెన్స్ మీదికొస్తుంది."

"ప్రాణం గురించే వెళ్తున్నానండీ."

"స్లోగా డ్రైవ్ చెయ్యి. రోడ్ మీద ఐస్ ఉంటుంది" అన్నారు.

పెన్నీని నా ట్రక్కులో పక్క సీట్లో కూచోబెట్టుకుని బయల్దేరాను. వాల్ట్ వాళ్ళ డ్రైవ్‌వేలోకి తిరిగేసరికి సాయంత్రం పాలు పితికే వేళ దాటిపోయింది. ట్రక్కు అద్దం దించగానే వినిపించింది, నలభై ఆవులూ ఒక్కటే అరుపు. పొదుగులు నిండి, బిగిసి, నొప్పి ఓర్చుకోలేక అరిచే అరుపది. జ్వరమొచ్చినా, పెళ్ళాం చచ్చిపోయినా పాడిరైతు ఆ వేళ తప్పడు. భార్యని సమాధి చేసిన రోజు సాయంత్రం కూడా వాల్ట్ పాలు పితికారని నాకు తెలుసు. భయమేసింది. దిగాలనిపించలేదు. పెన్నీ దూకేసి ముందు పరిగెత్తింది కాబట్టి నేనూ వెళ్ళాను.

కొట్టానికి ఆనుకుని పాలు నిలవచేసే గదిని మిల్క్ హౌస్ అంటారు. ఆయన అందులో బక్కెట్టు బోర్లించి కూచుని ఉన్నారు. పక్కన ఏముందో ఇక్కడ రాయను. కుక్క వెళ్ళి ఆయన మోకాళ్ళ మధ్య తల దూర్చింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. చదువుకున్నది ఆవుల గురించి. ఇంగ్లీషులో అలాంటప్పుడు అనవలసిన మాటేదో ఉండే ఉంటుంది. నా నోటికి మాత్రం మా అమ్మ అడిగే మాటే వచ్చింది.

"అన్నం తిన్నారా?"

ఆయన తలెత్తి చూశారు. "అది అడగడానికి ఇంత దూరం వచ్చావా?"

"అవును."

అవతల ఆవులు అరుస్తూనే ఉన్నాయి.

"వాల్ట్, చచ్చిపోదామనుకుంటున్నారా?" అని అడిగేశాను. అంత మొరటుగా ఆ లోయలో ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు. ఆయన మాత్రం, ఎవరో ఒకరు అడగడం కోసమే చూస్తున్నట్టు, వెంటనే మాట్లాడారు.

"ఆవుల సంగతి ఏర్పాటు చేశాను. రేపు పొద్దున కొన్నవాళ్ళ ట్రక్కు వస్తుంది, ఎత్తుకుపోతుంది. పెన్నీ సంగతే తేలలేదు. వారం నుంచీ దాని గురించే ఆగాను. నువ్వు తీసుకున్నాక తేలిపోయింది."

జీవహింస చెయ్యనని నేను గొప్పగా తాడు అందుకున్నానే, ఈయన్ని ఇటు కట్టి ఉంచిన ఆఖరి తాడు అదే.

"దీన్ని నేను ఉంచుకోలేను" అన్నాను. "నాకు కుదరదు. వేరే ఎవర్నీ వెతకను కూడా. మీ కుక్క, మీరే చూసుకోవాలి."

"నీకు ఇష్టమైందనుకున్నానే."

"లేదు" అన్నాను. అబద్ధం. "లేవండి. రేపటి ట్రక్కు రేపు వస్తుంది. ఆ పొదుగులు ఈ రాత్రికి పగిలిపోతాయి. నేనొక్కదాన్నే నలభై ఆవుల్ని పితకలేను."

దేనికి లేచారో నాకు తెలియదు. బహుశా ఆ అరుపులకే. ఆయన ముందు నడిచాక, అక్కడున్నదాన్ని తీసుకెళ్ళి నా ట్రక్కులో పెట్టి తాళం వేశాను. ఇద్దరం కలిసి పాలు పితికాం. కొన్ని ఆవులు భయపడి పాలు చేపలేదు. ఆయన వాటి డొక్క మీద చెయ్యి వేసి ఏదో గొణిగితే చేపాయి. మధ్యలో ఒక ఆవుకి నుదురు ఆనించి ఏడ్చారు. నేను పక్క ఆవు దగ్గర నా పని చేసుకుంటూ ఉండిపోయాను, వెళ్ళిపోకుండా.

డెప్యుటీ వచ్చేసరికి పని అయింది. అతని కారు లైట్లు చూసి రూత్ రోడ్డు దాటి వచ్చింది. ఆ గుమ్మం తొక్కడం వాల్ట్ భార్య పోయిన తర్వాత అదే మొదటిసారట. వంటింట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తలుపు తెరిచి పెట్టి ఉంది. "లైటు చూసి బాగానే ఉన్నాడనుకున్నాను" అని రూత్ ఆ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ మీద నాకున్న కోపం అప్పుడు పోయింది.

వాల్ట్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆవులు మాత్రం ఆగలేదు, మర్నాడు ట్రక్కెక్కి వెళ్ళిపోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన పెన్నీతో ఆ ఖాళీ కొట్టం పక్కనే బతికారు. సుఖంగా బతికారని చెప్పలేను. రూత్ రోజూ రోడ్డు దాటి వచ్చేది. అప్పుడప్పుడు ఆవిడ మీద విసుక్కునేవారు కూడా.

కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆ చలికాలంలోనే, అదే రోడ్డు చివర ఉండే ఇంకో పాడిరైతు పోయాడు. వాల్ట్ లాగే ఆలోచించాడు, కానీ అతనికి కుక్క లేదు. చర్చిలో శవపేటిక దగ్గర వాల్ట్ నా పక్కన నిలబడ్డారు.

"ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు" అన్నారు.

"మీరూ కాదు."

ఆయన తల ఊపారు. "నిన్ను ఆఖరిసారి ఎప్పుడు పిలిచాడు?"

నాకు గుర్తు రాలేదు. క్లినిక్‌కి వెళ్ళి రికార్డు చూస్తే, ఎండాకాలంలోనే పిలవడం మానేశాడు.

నాకు తెలిసొచ్చింది ఒక్కటే. పిలిచేవాళ్ళకి ఇంకా ఏదో ఆశ ఉంటుంది. పిలవడం మానేసినవాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి. ఇప్పుడు ఏ రైతు నుంచైనా ఫోన్లు ఆగిపోతే నేనే డ్రైవ్‌వేలోకి ట్రక్కు తిప్పుతాను. ఎందుకొచ్చావంటే "ఇటుగా వెళ్తున్నాను, ఆగాను" అంటాను. రోడ్డు వాళ్ళ ఇంటితోనే అయిపోతుందని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. కొందరు పక్కకి జరిగి లోపలికి రానిస్తారు. అన్నం తిన్నారా అని అడుగుతాను.