మోకాలి కోసం వైజాగ్ వెళ్లాను, జామూ దగ్గర దొరికిపోయాను

ఆ రోజు మలేసియాలో మా ఊరు బంటింగ్ మార్కెట్లో చేపలు కొని బస్సు మెట్టు మీద ఎడమ కాలు పెట్టాను. కుడి కాలు పైకి రానంది. వెనకున్న చైనా ముసలాయన నా సంచీ అందుకుని, చెయ్యి పట్టి పైకి లాగాడు. నాకంటే పెద్దవాడు నన్ను ఎక్కించాడని సిగ్గుతో చచ్చిపోయాను.

ఫ్యాక్టరీ కాంటీన్‌లో నిలబడి వంట చేసే దాన్ని, మోకాలు నొప్పి కొత్తేమీ కాదు. కానీ ఇలా మొరాయించడం అదే మొదలు. ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "ఆంటీ, ఎముకకి ఎముక రాసుకుంటోంది. టోటల్ నీ రీప్లేస్‌మెంట్ చెయ్యాలి, అంటే మోకాలి కీలు మార్చాలి," అంది డాక్టరు. ఎప్పుడని అడిగాను. "మీ ముందు చాలామంది వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. వచ్చే ఏడాదికి కూడా కాకపోవచ్చు," అంది. ఆ పిల్లని తిట్టడానికి నోరు రాలేదు. వరండా నిండా నాలాంటి వాళ్లే, కర్రలు పట్టుకుని కూర్చున్నారు.

ఎదురుచూడటం నొప్పి కంటే పాడుది. స్నానాలగదిలో పడిపోతానేమో, పని తీసేస్తారేమో, మంచాన పడితే మా ఆయన సూర్యం ఎన్నాళ్లు మోస్తాడో, ఇవే ఆలోచనలు. అప్పుడే నూకాలమ్మ వదిన వచ్చింది. రబ్బరు ఎస్టేటులో కూలీల ఒకే వరస ఇళ్లల్లో పెరిగినవాళ్లం. ఆవిడ మోకాళ్లూ అదే లిస్టులో ఉన్నాయి.

"ఏటమ్మా, ఇంకా కుంటతన్నావా? ఈ జామూ తాగు లా. నానెలా నడుస్తన్నానో సూడు!" అని పొట్లాలు చేతిలో పెట్టింది. మాట చివర 'లా' తగిలించడం మా మలేసియా వాళ్ల అలవాటు.

జామూ అంటే ఇక్కడి మలాయ్ వాళ్ల మూలికల పొడి. బాలింతలకు పోస్తారు, అలిసిన వాళ్లు తాగుతారు. మా ఇళ్లల్లో దాన్ని ఎవరూ మందు అనరు, అల్లం టీతో సమానం. ఈ పొట్లాల మీద చెట్టు బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు. తాగాను. వారం తిరక్కుండా నొప్పి మాయమైంది. ఆకలి పెరిగింది, బుగ్గలు నిండాయి. "మొకం పున్నమి సెంద్రుడైపోనాది," అని మా ఆయన ఆటపట్టించాడు. నేనూ మురిసిపోయాను.

నొప్పి తగ్గినా కాలు మాత్రం తటాలున మడత పడిపోతూనే ఉండేది. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి దేవి వైజాగ్‌లో ఒక ఆసుపత్రి చూసింది. మన మాట మాట్లాడే డాక్టరు, పైగా ముత్తాతలు ఓడెక్కిన సీమ. వీడియోలో ఆ డాక్టరు, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాడు. "బీపీ మాత్రొకటే," అన్నాను. నా లెక్కలో అది నిజమే.

ముత్తాతల నేల తొక్కి అమ్మవారి దర్శనం అయ్యేవరకు పాలూ పళ్లే అని మొక్కుకున్నాను. మొక్కులో మాత్రలు వేసుకోవచ్చు, తినేవీ తాగేవీ ఇంకేవీ కూడదు. అందుకని బీపీ మాత్ర ఉంచి జామూ మానేశాను. "నీకోసం నానూ ఉంటాను," అని వదిన కూడా ఉపవాసం మొదలుపెట్టింది.

వైజాగ్‌లో మా ఆయనతో కలిసి దిగేసరికే వాంతులు. ఉపవాసం నీరసం అనుకున్నాను. ఆసుపత్రి మెట్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. తెలివొచ్చేసరికి చేతికి సెలైన్. బీపీ పడిపోయింది, సోడియం పడిపోయింది అంటున్నారు. డాక్టరు నా ముఖం, చేతుల మీది కమిలిన మచ్చలు పరీక్షగా చూశాడు.

"స్టెరాయిడ్స్ వాడారామ్మా?"

"లేదు బాబూ."

మా ఆయన అందుకున్నాడు. "మందులేటీ లేవండి. జామూ తాగేది, ఉపాసమని అదీ మానేసినాది."

డాక్టరు రాస్తున్న కలం ఆపి, పొట్లం ఉందా అన్నాడు. మా ఆయన పెట్టె అడుగునుంచి తీసిచ్చాడు. "ఇందులో స్టెరాయిడ్ కలిపారని నా అనుమానం. అది రోజూ బయటినుంచి అందుతుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఆగిపోతుంది. మీ కార్టిసాల్ చాలా తక్కువుంది. ఒక్కసారి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆపరేషన్ చెయ్యను."

ఆపరేషన్ మాట నా చెవికెక్కనే లేదు. వదిన! అక్కడ నా కోసం జామూ మానేసి కూర్చుంది, ఒంటరిగా. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాం, ఎత్తలేదు. దేవిని ఉన్నపళాన బంటింగ్‌కి పరిగెత్తమన్నాం. అది చేరేదాకా వదినకి ఫోన్ కొడుతూనే ఉన్నాం.

తలుపు తట్టి తట్టి పక్కింటివాళ్లతో తీయిస్తే వదిన వంటింట్లో గోడకి ఒరిగి ఉందట. మంచినీళ్లు కూడా ఇమడ్డం లేదు. దేవి పొట్లంతో సహా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, మా డాక్టరు చెప్పిందంతా అక్కడ చెప్పింది. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. మర్నాడు ఫోన్‌లో గొంతు విన్నాను. "బతికే ఉన్నాను లా, ఏడవకు," అంది. అప్పుడు ఇంకా ఏడ్చాను.

డాక్టరు నాకు స్టెరాయిడ్ మాత్రలిచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాడు. అద్దెగదిలో వారాలు గడిచాయి. ఒంట్లో తయారవడం మళ్లీ మొదలవుతుందో లేదో తెలియదు, ఆపరేషన్ చేస్తే పుండు మానుతుందో లేదో తెలియదు. చివరికి ఒప్పుకుని, స్టెరాయిడ్ ఇంజక్షన్ల కాపలాతో మోకాలు మార్చాడు. కుట్లు మానడానికి అందరికంటే ఎక్కువ రోజులు పట్టింది. కాస్త ఎర్రబడితే చాలు, ఇన్ఫెక్షనేమోనని మా ఆయన దీపం పట్టుకుని చూసేవాడు.

ఇప్పుడు బస్సు నేనే ఎక్కుతున్నాను. కొంచెం జ్వరం తగిలినా భయమే, నాకు స్టెరాయిడ్ అవసరమని ఏ డాక్టరుకైనా చెప్పే కార్డు సంచీలో ఉండాల్సిందే. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు మందులేమిటి అని అడిగితే, మందో కాదో మీరు తేల్చకండి. నోట్లోకి వెళ్లేదంతా సంచీలో వేసుకెళ్లి బల్లమీద పెట్టండి. వాళ్లని అడక్కుండా ఏదీ హఠాత్తుగా మానకండి.

వదిన పేరు ఇంకా లిస్టులోనే ఉంది. మొన్న తనకి తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ అడక్కముందే వదిన సంచీ బోర్లించింది. బీపీ మాత్రలు, తైలం సీసా, అల్లం పొడి, ఆఖరికి దగ్గు బిళ్లలు కూడా.

"ఇవన్నీ ఎందుకు ఆంటీ?" అని డాక్టరమ్మ నవ్వింది.

"అన్నీ సూసెయ్యమ్మా," అంది వదిన. "మోకాలికైతే ఎన్నేళ్లైనా కాసుకుంటాను. ముందు నన్ను బతికుండనియ్యి లా."