నీళ్ళు లేని కోట

ఆ రోజుల్లో, అంటే పెళ్ళయిన కొత్తలో, చరిత్రలో నాకు తెలియనిది లేదని అనుకునేవాణ్ణి. భద్రాచలంలో ఒక ప్రైవేటు స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. పదో తరగతి పిల్లలు ఎదురు ప్రశ్న వేయరు కాబట్టి ఆ నమ్మకానికి ఎక్కడా దెబ్బ తగల్లేదు. అందుకే ఒక మే నెల ఆదివారం, కాలికి కట్టుతో మంచం మీదున్న మా మామను పట్టుకుని, "ఖమ్మం ఖిల్లా ఎప్పుడన్నా ఎక్కిండ్రా మామా, చూడకుండ మాట్లాడుతరేంది" అనేశాను. పిల్లనిచ్చిన మామను ఎవరూ అలా అనకూడదు. ఆయనను మాత్రం అసలే అనకూడదు. ఎందుకో చెబుతాను.

మామ కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. దుమ్ముగూడెం వైపు అడవిలో ఆయన ఎక్కని స్తంభం లేదు. రిటైరయ్యాక కూడా వాడలో ఎవరింట్లో కరెంటు పోయినా నిచ్చెన భుజాన వేసుకుని బయలుదేరేవాడు. ఈస్టరుకు చర్చి కప్పు మీద బల్బుల దండ కడుతూ జారిపడ్డాడు. ఎడమ కాలి ఎముకలో సన్నటి పగులు. కాలు కింద పెట్టకుండా పడుకుంటే అదే అతుకుతుందని, పెడితే మాత్రం రాడ్ వేయాల్సి వస్తుందని, ఆపైన నిచ్చెన మాట మరిచిపోవాలని దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. నిచ్చెన లేని మామను మేమెవరం ఊహించలేకపోయాం. అయినా ఆయన మంచం మీద ఉంటేనా. ఫ్యాన్ చప్పుడు మారిందని లేచేవాడు, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమందని లేచేవాడు. "కాలు దించినవంటే విరగ్గొడ్త" అని అత్తమ్మ బెదిరించేది (విరిగిన కాలినే). చివరికి ఆమె, "ఎట్లాగు సెలవులే కదయ్యా, ఏదన్న జేసి నువ్వే ఆయన్ని కూసోబెట్టు" అని నాకు అప్పగించింది.

నేను ఒక ఆట కనిపెట్టాను. గోల్కొండ సుల్తాను సైన్యం వచ్చి ఖమ్మం ఖిల్లాను పట్టుకున్న యుద్ధం. కూలర్ వచ్చిన అట్టపెట్టెను కోసి, స్కెచ్ పెన్నులతో గుట్ట, గోడలు, దర్వాజాలు గీశాను. కోటవాళ్ళు చింతగింజలు, సుల్తాను మనుషులు చిక్కుడు గింజలు, పందేనికి గవ్వలు. ఫిరంగుల కోసం మామ సామాన్ల పెట్టెలోంచి పాత పింగాణీ ఫ్యూజులు తీశాను. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చినది అంచున గీసిన నీళ్ళ గీత. ఆట సాగేకొద్దీ కోటలో నీళ్ళు ఒక్కో గడి తగ్గుతాయి, అయిపోయాక చింతగింజలు దాహంతో చచ్చి ఒక్కొక్కటే అట్ట బయటికి వెళ్తాయి. చరిత్రలో కోట ఓడింది కాబట్టి ఆటలోనూ ఓడి తీరాలని నా పట్టుదల. (ఈ నీళ్ళ కరువు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోట ఓడటానికి ఏదో ఒక కారణం కావాలి కదా అని నేనే పెట్టాను.) నేను సుల్తానునయ్యాను, మామను కోటలో పెట్టాను.

"అంటే ఎట్ల ఆడినా నేనే ఓడాల్నా?" అన్నాడు మామ రెండో రోజు.

"చరిత్ర అదే మామా."

"చరిత్రనైతే ఆడుడెందుకు? చదువుకుంటే అయిపాయె."

అక్కడి నుంచి నా ఓపిక హరించుకుపోవడం మొదలైంది. కోటలోంచి కింది బావికి సొరంగం తవ్వించానన్నాడు. సొరంగం ఆటలో లేదంటే, "నీకు కనపడితే అది సొరంగమెట్ల అయితది" అన్నాడు. రాత్రికి రాత్రి కుండలతో నీళ్ళు తెప్పించానన్నాడు. నేను నియమాలు కాగితం మీద రాసి గోడకు అంటిస్తే, కళ్ళజోడు దొరకడం లేదన్నాడు (కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది). "గెలిపించరాదయ్యా, నీ సొమ్మేం పోతది" అని అత్తమ్మ మధ్యలో ఒక మాట వేసేది. నేను వినలేదు. నేను చరిత్ర మాస్టారును.

ఆ ఆదివారం అందరూ చర్చికి తయారవుతున్నారు. కోటలో నీళ్ళు ఆఖరి గడికి వచ్చాయి. మామ కాసేపు ఆలోచించి, తలాపున ఉన్న గ్లాసెత్తి తాపీగా అట్ట మీద నీళ్ళు ఒంపాడు.

"వాన పడ్డది," అన్నాడు. "నిండినయ్ బావులు."

రంగులు కారి గోల్కొండ సైన్యం సగం నీలంలో మునిగింది. అట్ట ఉబ్బింది. కూర్చుని గీసిన గీతలన్నీ కళ్ళ ముందే కలిసిపోతుంటే నా నోట మొదట చెప్పిన ఆ మాట వచ్చింది. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకు కాపలాగా నన్ను ఉంచి అత్తమ్మ, నా భార్య చర్చికి వెళ్ళారు. కాపలావాడు మూతి ముడుచుకుని కొత్త స్కెచ్ పెన్నుల కోసం బజారుకు పోయాడు, టీ కూడా తాగాడు. వచ్చేసరికి మంచం ఖాళీ. చంకకర్ర లేదు.

చర్చి నుంచి వచ్చినవాళ్ళతో కలిసి వాడంతా వెతికాను. ముందు కరెంటు స్తంభాల పైకే చూశాం. మధ్యాహ్నం దాటాక తెలియని నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"అల్లుడా, నీళ్ళున్నయ్."

"ఎక్కడున్నరు మామా?"

"ఖిల్లా మీద."

అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏ ఖిల్లానయ్యా, ఖమ్మంల ఖిల్లానా? కాలు?" అంది. అవతలి మాట విని, ఫోన్ దించి, నావైపు చూసింది. నేను ఏమన్నానో చెప్పాల్సి వచ్చింది. అత్తమ్మ, "బడిల పిల్లలు ఎట్ల భరిస్తున్నరో నిన్ను" అంది.

స్నేహితుడి కారు అడుక్కుని, మూడు గంటల దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూ వెళ్ళాను. మామ పైన ఒక గోడ నీడలో కాలు చాపుకుని కూర్చున్నాడు. తెలిసిన కండక్టరు బస్సులో ముందు సీటిచ్చాడట. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కో మెట్టే చేతులతో జరుగుతూ ఎక్కాడట. "కాలు కింద పెట్టలే, ఒట్టు," అన్నాడు. లుంగీ వెనక భాగం ఆయన నిజమే చెబుతున్నాడని చాటుతోంది. పక్కన ఒక సీసా, అందులో కోట బావిలోంచి తోడించిన పచ్చటి నీళ్ళు. "ఎండాకాలంలనే గిన్ని ఉన్నయ్. ఇగ చెప్పు."

ఆయన్ని వీపున వేసుకుని దిగడం మొదలుపెట్టాను. చెవి పక్కనే అడిగాడు, "నీళ్ళ గీత కొట్టేసినట్టేనా?"

"కొట్టేసిన మామా."

"నువ్వెన్నిసార్లు ఎక్కినవ్ గీ ఖిల్లా?"

అబద్ధం చెప్పడానికి ఊపిరి చాల్లేదు. "ఇదే మొదటిసారి మామా. కింద బస్టాండు కాడ నిలబడే చూసిన."

ఇంకో నాలుగు మెట్లు దిగాను. తరువాత నా వీపు మీద ఆయన పొట్ట అదరసాగింది. నవ్వుతున్నాడు. ఇద్దరం దొర్లిపోతామేమోనని నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

పగులు కొంచెం పెరిగింది. ఇంకొక్కసారి ఇలా చేస్తే రాడ్ తప్పదని డాక్టరు కొత్త కట్టు వేసి, మంచం మీది రోజుల లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. నీళ్ళ గీత లేకుండా కొత్త అట్ట గీశాను. సెలవుల్లో పగలంతా, బడి తెరిచాక సాయంత్రాలు మామ మంచం పక్కనే ఉన్నాను. ప్రాయశ్చిత్తంగా సుల్తాను సైన్యాన్ని వరసగా నేనే చంపించుకున్నాను. ఒకరోజు మామ గవ్వలు కింద పెట్టేశాడు.

"కావాలని ఓడుతున్నవ్. నన్ను పసిపోరణ్ణి జేసినవా? దండెత్తి వచ్చినోనివి, సక్కగ కొట్లాడు. లేకుంటే నేను లేస్త."

ఆ బెదిరింపుకు నిజంగానే కొట్లాడాను. చీకటి పడేలోపు కోట పడిపోయింది. మామ కట్టు కాలిని రెండు చేతులతో దిండు మీద సర్దుకుని, "మళ్ళ పెట్టు. ఈసారి నువ్వు లోపలుండు," అన్నాడు.

ఆ కాలు నిక్షేపంగా అతికింది. ఆయన ఇప్పటికీ నిచ్చెన ఎక్కుతున్నాడు, అత్తమ్మ కింద నిలబడి తిడుతూనే ఉంది. నేను మాత్రం ఆ సాయంత్రం మొదటిసారి కోట లోపల కూర్చున్నాను. నాలుగు దిక్కులా చిక్కుడు గింజలు మూగుతుంటే, అంతవరకూ గోడకు నియమాలు అంటించిన ఆ కుర్ర మాస్టారు గొంతు పెంచి, ఫిరంగి అంత దూరం పేలదని, గవ్వ వెల్లకిలా పడలేదని, అసలు ఆ దర్వాజా ఎప్పుడో మూయించానని వాదించడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి అత్తమ్మ నా భార్యతో అంటున్న మాట వినిపించింది. "ఒక్కనితోనే వేగలేక సస్తుంటే, ఇప్పుడు ఇద్దరైండ్రు."