తడిబట్టల కాపురం

మా అక్క మా ఊరి ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేది. ఎంత మారాం చేసే పిల్లాడి దగ్గరైనా ఒక్క పోటుతో రక్తం తీసి, వాడు నోరు తెరిచేలోపు దూది అద్దేసేది. బావ లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. ఆయనకి బయటి దేశంలో ఉద్యోగం రావడంతో అక్క కూడా పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళిపోయింది. తీరా వెళ్ళాక తన సర్టిఫికెట్లు అక్కడ చెల్లవన్నారు. సరే, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఇంటిపట్టునే ఉందాంలే అనుకుంది.

అక్కడ ఏడాది పొడుగునా ఎండే. అక్క పంపే ఫోటోల్లో నీలం ఆకాశం, అపార్ట్‌మెంటు కింద ఈతకొలను, అందులో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ బుడ్డోడు. మా అమ్మ ఆ ఫోటోలు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించి, మా పెద్దమ్మాయి కాలు మీద కాలేసుకుని బతుకుతోందని మురిసిపోయేది. రోజూ ఫోన్లో మాట్లాడేదాన్ని కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. అక్క పొద్దున లేచింది మొదలు ఉతికిన బట్టలతో కుస్తీ పడుతుండేది.

వాళ్ళ ఫ్లాటు ఆరో అంతస్తులో. బాల్కనీలో పొద్దున్నుంచీ నిప్పులు చెరిగే ఎండ. కానీ అక్కడ బట్టలు ఆరెయ్యకూడదని బిల్డింగు రూలు. కింద నుంచి చూసేవాళ్ళకి అసహ్యంగా ఉంటుందట. పిట్టగోడకి బదులు గాజు పలక పెట్టారేమో, నేల మీద పరిచినా దొరికిపోతారు. ఇంట్లో ఉతికి ఆరబెట్టే మెషీను ఉంది కానీ, అది గంటల తరబడి గిరగిరా తిప్పి బట్టల్ని ముద్దలా చేతికిచ్చేది. పైన పొడి, కుట్ల దగ్గర తడి. ఇంకాసేపు తిప్పితే బుడ్డోడి బనీను బొమ్మకి తొడిగేంత అయ్యేది. ఇక చేసేది లేక హాల్లో మడత స్టాండు వేసింది. సోఫాకీ టీవీకీ మధ్య లంగాలు, తువ్వాళ్ళు, బావ ప్యాంట్లు. వంటింట్లోకి వెళ్ళాలంటే పీతలాగా పక్కవాటున నడవాలి. ఏసీ కోసం కిటికీలు మూసే ఉంటాయి. బట్టలు ఆరి చావవు. ఇల్లంతా ముక్కిన వాసన.

ఇవన్నీ అక్క ఎలాగో ఓర్చుకుంది. ఓ రోజు పిల్లల్లో పెద్దది బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. నీ చొక్కా కంపు కొడుతోందని పక్కన కూర్చునే పిల్ల వేరే బెంచీకి వెళ్ళిపోయిందట. పెద్దది ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. బాత్రూంలోకి వెళ్ళి ఆ చొక్కా తనే మళ్ళీ ఉతుక్కుంది. అది చూసేసరికి అక్కకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే స్టాండు ఎత్తుకెళ్ళి బాల్కనీలో పెట్టింది.

కాసేపటికే కింద సెక్యూరిటీ అతని ఫోన్. అరిచేవాడైతే అక్క కూడా అరిచేది. అతనిది మహా మర్యాద. దయచేసి అంటాడు, మీకు శ్రమ ఇస్తున్నాను అంటాడు, బట్టలు తీసేదాకా ఫోన్ మాత్రం పెట్టడు. అంత మర్యాద ముందు ఏం చెయ్యాలో తోచక అక్క పళ్ళు నూరుకుంటూ స్టాండు లోపలికి తెచ్చేసుకునేది. రెండు రోజులాగి మళ్ళీ బయట పెట్టేది. మళ్ళీ ఫోను, మళ్ళీ దయచేసి.

ఇలా ఉండగా అక్క మామగారు కొడుకు దగ్గర కొన్నాళ్ళుండి పోదామని వచ్చాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఎండలో ఆరని పంచె ఆయన ఒంటికి పడదు. వచ్చిన మర్నాడే బాల్కనీకి ఆ కొస నుంచి ఈ కొసకి తాడు బిగించి పంచె ఆరేశాడు. అక్క రూలు సంగతి చెబితే, "ఎండకి కూడా టిక్కెట్టు తీసుకోవాలా అమ్మాయ్?" అన్నాడు. సెక్యూరిటీ అతను ఈసారి పైకే వచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు మర్యాదగా మాట్లాడుకున్నారు. మామగారు అతనికి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు కూడా. అతను కూర్చుని, మంచినీళ్ళు తాగి, పంచె ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో బిల్డింగు ఆఫీసు నుంచి బావ ఫోనుకి వచ్చింది. బావ తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. అక్కని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చీవాట్లు పెట్టాడు. మామయ్యగారి పంచెకి నాకెందుకే ఈ మాటలు అని అక్క నాతో చెప్పుకుని గింజుకుంది.

మర్నాడు ఆ కోపంలోనే బట్టల బకెట్టు పట్టుకుని కిందికి దిగింది. బావ డ్యూటీకి కంపెనీ వ్యానులో వెళ్తాడు. సొంత కారు రోజంతా ఎండలో నిలబడి ఉంటుంది. తలుపు తీస్తే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి కొడుతుంది. అక్క సీట్ల మీద తువ్వాళ్ళు పరిచింది, పైన పట్టుకునే పిడులకి హ్యాంగర్లు తగిలించింది, తలుపులేసి పైకొచ్చేసింది. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే బట్టలు ఫెళఫెళలాడుతున్నాయి. పెద్దదాని చొక్కా మొహానికి ఆనించుకుని అక్కడే నిలబడిపోయానే అంది ఫోన్లో. ఆ తర్వాత మామగారు కూడా పనిలో దిగాడు. ఏ సీటు మీద ఎండ ఎప్పుడు పడుతుందో గమనించి పంచె జరిపేవాడు. బావకి మాత్రం ఇద్దరూ చెప్పలేదు. సాయంత్రానికల్లా కారు ఖాళీ చేసేవాళ్ళు.

ఓ రోజు వ్యాను పాడైంది. మేనేజరుతో అర్జంటుగా వేరే సైటుకి వెళ్ళాలి. బావ ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, పైకి ఎక్కకుండా నేరుగా కారు తలుపు తీశాడు. స్టీరింగుకి బుడ్డోడి చెడ్డీ. కిటికీల దగ్గర అక్క నైటీలు, లంగాలు. వెనక సీటు మొత్తం కప్పేసి పంచె. బావ అన్నింటినీ వాటేసుకుని డిక్కీలో కుక్కాడు. సైటు దగ్గర దిగేటప్పుడు మేనేజరు తన చొక్కాకి అంటుకున్న చిన్న మేజోడొకటి తీసి బావ చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చి బావ విరుచుకుపడ్డాడు. పరువు తీశావన్నాడు, ఆఫీసులో తలెత్తుకోలేనన్నాడు. అక్క చేతిలో పని ఆపలేదు.

"ఇంత ఎండ పెట్టుకుని తడిబట్టల మధ్య కాపురం చేస్తున్నాను. ఓ తాడు కట్టివ్వండి. మీ పరువు కూడా దాని మీదే ఆరేస్తాను."

బావ మళ్ళీ నోరు తెరవబోతుంటే మామగారు అడ్డం వచ్చాడు. "పంచె నాదిరా. అనాల్సిందేదో నన్ను అను."

తండ్రిని అనలేడు, పెళ్ళాన్ని అన్నా లాభం లేదు. పెద్దదాని బెంచీ సంగతి కూడా బావ ఆ రోజే మొదటిసారి విన్నాడు. మర్నాడు బిల్డింగు ఆఫీసుకి వెళ్ళి, మేడ మీదైనా ఆరేసుకోనివ్వమని అడిగాడు. అక్కడ నీళ్ళ ట్యాంకులుంటాయి, ఎవరూ ఎక్కకూడదన్నారు. లిఫ్టులు చూసుకోవడానికి ఊళ్ళో సగం మేడలెక్కే మనిషి బావ. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ కాదన్నారు. అదీ ఎంతో మర్యాదగా. ఆ సాయంత్రం అక్క కంటే ఎక్కువ చిందులు తొక్కింది బావే. అక్కకి నవ్వొచ్చిందట, కానీ బయటపడితే అసలుకే మోసమని బిగపట్టుకుందట.

అప్పటి నుంచీ సెలవు రోజొస్తే ఐదుగురూ కారెక్కి అద్దె ఇళ్ళు చూస్తున్నారు. ఇల్లు చూపించేవాడు వంటిల్లు, కొత్త టైల్సు అంటూ ముందు నడుస్తుంటే, అక్కా మామగారూ చక్కా బాల్కనీలోకి పోతారట. ఒక ఇంట్లో ఆరేసుకోవచ్చు కానీ ఎదుటి బిల్డింగు నీడ. ఇంకోదాంట్లో తీగలున్నాయి, బడి దూరం. ఇల్లు చూపించేవాడు ఇప్పుడు అక్క ఫోనెత్తడానికి కూడా వెనకాడుతున్నాడు.

నిన్న నేను ఫోన్ చేసేసరికి అక్క హడావుడిగా ఉంది. ఇంకో ఇల్లుందట, బాల్కనీ ఉత్తరం వైపట, ఎండే పడదట, చూడకుండానే దండగని తెలుస్తోందని విసుక్కుంది.

"మరెందుకే వెళ్ళడం?" అన్నాను.

"మామయ్యగారు అప్పుడే చెప్పులేసుకుని నిలబడ్డారు" అని ఫోను పెట్టేసింది.